పెద్దమనిషైన పిల్లకు ఆటస్థలం కావాలి



రెంటచింతల గడ్డ మీద నిలబడి, మన పల్నాడు ఆడపిల్లల గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ పూట రేడియోలో మీ ముందుకొచ్చాను.

మన ప్రాంతంలో ఏ ఊరి హైస్కూలుకైనా ఆటల పీరియడ్‌లో వెళ్లి చూడండి. ఆరో తరగతి ఆడపిల్లలు కబడ్డీ కూత పెడుతుంటారు. ఖోఖోలో చేతికి అందకుండా మెలికలు తిరుగుతుంటారు. మోకాళ్లు దోక్కుపోయినా దులుపుకుని లేచి పరిగెడతారు. తర్వాత తొమ్మిదో తరగతి ఆడపిల్లల కోసం వెతకండి. చాలామంది వరండా గోడకు ఆనుకుని కూర్చుని ఉంటారు. ఒకరు స్కోరు రాస్తుంటారు, ఇంకొకరు ఆడేవాళ్ల సంచులకు కాపలా. మూడేళ్ల కిందట కూత పెట్టింది కూడా ఆ పిల్లలే.

ఈ మూడేళ్లలో ఏ ఇంట్లోనూ ఎవరూ కూర్చుని ‘ఇక ఈ పిల్ల ఆడకూడదు’ అని తీర్మానం చెయ్యలేదు. పిల్ల పెద్దమనిషి అయింది, అంతే. ఆ తర్వాత ఒక్కొక్కటిగా చిన్న చిన్న మాటలు మొదలవుతాయి. ‘పెద్దపిల్లవయ్యావు, ఇంకా ఆ గెంతులేంటి?’ ‘ఎండలో నల్లబడితే రేపు ఎవరు చేసుకుంటారు?’ ‘చీకటి పడకముందే ఇంటికి రా.’ ‘నలుగురూ చూస్తారు, చున్నీ సరిగ్గా వేసుకో.’ విడివిడిగా చూస్తే ఏ మాటా పెద్దది కాదు. అన్నీ కలిసి పిల్లను మైదానం నుంచి వరండాలోకి నెట్టేస్తాయి. యౌవనంలోకి అడుగుపెట్టే వయసులో ప్రపంచవ్యాప్తంగా దాదాపు సగం మంది ఆడపిల్లలు ఆట వదిలేస్తున్నారని 2024లో యునెస్కో చెప్పింది. కాబట్టి ఇది మన ఊరి తప్పు మాత్రమే అనుకోనక్కర్లేదు. అయితే మన ఊరి వరకు దీన్ని సరిచెయ్యాల్సింది మాత్రం మనమే.

ముందు మన ఇళ్లలోని ఆచారాన్నే చూద్దాం. పిల్ల పెద్దమనిషి అయితే మనం ఏం చేస్తాం? తాటాకుల చాప మీద కూర్చోబెడతాం. నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి పెడతాం. మేనమామ చీర తెస్తాడు, పేరంటాళ్లు వచ్చి అక్షింతలు వేస్తారు. ఆ చిమ్మిలి ఎందుకో మన అమ్మమ్మలకు తెలుసు. ఒళ్లు గట్టిపడాలి, నడుముకు బలం రావాలి, పోయిన రక్తం మళ్లీ పట్టాలి. అంటే ఈ వయసు బలం కూడగట్టుకునే వయసని మన ఆచారమే ఒప్పుకుంది. మరి తిన్నది ఒంటికి పట్టాలంటే ఒళ్లు కదలాలి కదా. తిండి పెట్టిన చేత్తోనే కదలిక ఆపేస్తే ఏం ప్రయోజనం? పల్నాడు రైతుకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. మిరప తోట పూతకొచ్చిన సమయంలో ఎవరైనా నీళ్లు ఆపుతారా?

ఈ వయసులో శరీరంలో ఏం జరుగుతుందో తల్లిదండ్రులూ, బడిలో పీఈటీలూ తెలుసుకోవాలి. ఆడపిల్లలు సాధారణంగా పదకొండు, పన్నెండేళ్ల వయసులో గబగబా ఎత్తు పెరుగుతారు. ఏడాదికి ఎనిమిది సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు. ఆ ఉరవడి కాస్త తగ్గే సమయానికి మొదటి నెలసరి వస్తుంది. కాళ్లు, చేతులు ఒక్కసారిగా సాగడంతో నిన్నటిదాకా అలవోకగా చేసిన పని ఇవాళ తడబడుతుంది. తుంటి విశాలమవుతుంది, బరువు పెరుగుతుంది, పరుగు కొంచెం మందగించినట్టు అనిపిస్తుంది. ‘నా పని అయిపోయింది’ అని పిల్ల తనలో తానే అనుకుంటుంది. చూసేవాళ్లు కూడా ‘ఒళ్లు వచ్చింది, ఇక ఏం పరిగెడుతుంది’ అంటారు. ఇద్దరిదీ పొరపాటే. అది ఎదుగుదలలో ఒక మజిలీ. శరీరం తన కొత్త కొలతలకు అలవాటుపడటానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ కొన్ని నెలలు పిల్లను ఆటలో నిలబెట్టుకుంటే, ఆ తర్వాత వచ్చే బలం ముందుకంటే ఎక్కువగా ఉంటుంది.

ఎముకల సంగతి కూడా చెప్పాలి. మనిషికి జీవితాంతం కావలసిన ఎముక బలంలో దాదాపు పావు వంతు ఈ ఎదుగుదల రెండేళ్లలోనే చేరుతుంది. గెంతడం, పరిగెత్తడం, బరువులెత్తడం వల్ల ఎముక గట్టిపడుతుంది. ఈ రెండేళ్లలో కూర్చోబెట్టిన పిల్ల, అరవై ఏళ్ల వయసులో కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంటే దాని మూలం ఇక్కడ కూడా ఉండొచ్చు.

మోకాళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒకే ఆట ఆడే మగపిల్లలతో పోలిస్తే, ఈ వయసు దాటిన ఆడపిల్లలకు మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం చాలా ఎక్కువ. దానికి విరుగుడు ఆట మాన్పించడం కానేకాదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. ఆటకు ముందు ఇరవై నిమిషాల పాటు ఒంటికాలి మీద నిలబడటం, సరిగ్గా గెంతి సరిగ్గా దిగడం, తొడలకు, నడుముకు కసరత్తు చేయించిన జట్లలో గాయాలు మూడో వంతు తగ్గాయి. పెద్ద గాయాలైతే దాదాపు సగానికి పడిపోయాయి. దీనికి యంత్రాలు, పరికరాలు అక్కర్లేదు. కబడ్డీ కోర్టు పక్కన మట్టినేల చాలు.

‘ఎక్కువ ఎగిరితే రేపు పిల్లలు పుట్టరేమో, గర్భసంచి జారుతుందేమో’ అనే భయం చాలా ఇళ్లలో ఉంటుంది. పైకి అనరు గానీ లోపల ఉంటుంది. దీనికి మన తెలుగు నేల మీదే జవాబు ఉంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో, కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టారు. సరిగ్గా మనం పిల్లను వరండాలో కూర్చోబెట్టే వయసు అది. 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిందే 2000లో, సిడ్నీలో. అక్కడ సెప్టెంబరు 19న, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ మరుసటి ఏడాదే తల్లి అయ్యారు. పన్నెండో ఏట నుంచి మోసిన బరువులు ఆమె మాతృత్వానికి అడ్డం రాలేదు. తోడుగా నిలిచిన తల్లి, తనకంటే ముందే బరువులెత్తిన అక్క ఆ ఇంట్లో ఉన్నారు. ఆమె అంత ఎదగడానికి అసలు కారణం అదే.

ఇంకో అమ్మాయి విశాఖపట్నం జ్యోతి యర్రాజి. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పని చేసి, ఆసుపత్రిలో పారిశుధ్య పని చేసి ఇంటిని నిలబెట్టారు. పొడుగ్గా ఉన్న ఈ పిల్ల హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయులే. మన గుంటూరు పక్కనే ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం శిక్షణ కేంద్రంలో కూడా ఆమె కొంతకాలం సాధన చేశారు. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయ్యారు. 2024లో పారిస్‌లో, ఒలింపిక్స్ వంద మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తిన తొలి భారతీయురాలయ్యారు. ఎదిగే వయసులో పొడుగు పెరిగిన పిల్లను మనం ‘తాటిచెట్టులా పెరిగింది’ అని వెక్కిరిస్తాం. ఒక ఉపాధ్యాయుడి కంటికి అదే పొడుగు ప్రతిభగా కనిపించింది.

మూడో ఉదాహరణ మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆ వయసు పిల్ల వీధి చివరి దాకా ఒంటరిగా వెళ్లాలన్నా మనం వెనకాడతాం. ఒక ప్రభుత్వ గురుకులం మంచి తిండి పెట్టి, శిక్షణ ఇచ్చి, ‘నువ్వు చెయ్యగలవు’ అని నమ్మింది. ప్రభుత్వ బడి తలుచుకుంటే ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. రెంటచింతల అనగానే రాష్ట్రమంతా ముందు గుర్తుచేసుకునేది ఎండ. వేసవి వాతావరణ వార్తల్లో మన ఊరి పేరు వినిపిస్తుంది. పాదరసం నలభై అయిదు డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్తేమీ కాదు. మార్చి నుంచి మైదానంలో ఆడగలిగే సమయం తెల్లవారుజామున రెండు గంటలు, పొద్దువాలాక ఒకటిన్నర గంట. మగపిల్లవాడికి ఆ సమయం ఖాళీయే. ఆడపిల్లకు? తెల్లవారితే నీళ్లు పట్టాలి, వాకిలి ఊడ్చి ముగ్గు వెయ్యాలి, గిన్నెలు తోమాలి, అమ్మ కూలికి వెళ్తే తమ్ముణ్ణి చూసుకోవాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల ఇంట్లో ఉండాలి. ఎండ అందరి మీదా ఒకేలా కాస్తుంది. అది మిగిల్చిన ఆ కాస్త సమయమూ ఆడపిల్లకు దక్కకుండా చేసింది మాత్రం మనమే. జనవరి దాటితే మిరప కోతలు. చేతికందిన ఆడపిల్ల పొలానికి వెళ్తుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే ఆటల పీరియడ్ మొదట ఎగిరిపోతుంది. అంటే మన పిల్లకు ఏడాదిలో సగం రోజులు ఆట ఉండదు.

దీనికి చెయ్యదగ్గ పనులున్నాయి. ఒంటిపూట బడి రోజుల్లో ఆటల పీరియడ్‌ను మొదటి గంటకు మార్చుకోవచ్చు. పంచాయతీ తలుచుకుంటే బడి మైదానంలో రెండు దీపపు స్తంభాలు వెయ్యడం ఎంత పని? వీధిలోని అయిదారుగురు పిల్లలు కలిసి వచ్చి కలిసి వెళ్తే, ప్రతిరోజూ ఒక తల్లి వంతులవారీగా మైదానంలో కూర్చుంటే, చీకటి భయం సగం తగ్గుతుంది. ఇంటిపనిలో అన్నకూ తమ్ముడికీ వాటా ఇస్తే చెల్లికి గంట మిగులుతుంది. ఇది పూర్తిగా మన చేతిలో ఉన్న పని.

నీళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది ఆడపిల్లలు బడిలో నీళ్లు తాగరు. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి. అక్కడ తలుపుకు గడియ ఉండదు, లేదా లోపల నీళ్లుండవు. ఇంత ఎండ కాసే ఊళ్లో నీళ్లు తాగకుండా ఆడితే వడదెబ్బ తగులుతుంది, మూత్రంలో మంట వస్తుంది. కాబట్టి ఆడపిల్లల ఆటకు మొదటి పరికరం బంతి కాదు, గడియ పడే తలుపు, లోపల నీళ్లు, వాడిన ప్యాడ్ వెయ్యడానికి మూత ఉన్న బుట్ట. 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో ఏడు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అధికారంలో ఎవరున్నా ఆడపిల్లకు నెలసరి ఆగదు. అందువల్ల ఆ ప్యాడ్లూ ఆగకూడదు. వాటిలో కొన్ని ఆటసామాను గదిలో కూడా ఉంచాలి. ఆడుతుండగా అవసరమైతే పిల్ల ఎవరినీ అడగకుండా తీసుకోగలగాలి.

బట్టల సంగతీ అంతే. తెల్ల నిక్కరు వేసుకుని ఆడమంటే నెలసరి రోజుల్లో పిల్ల మనసు ఆట మీద ఉండదు, మరక మీద ఉంటుంది. తెల్లబట్టల నియమం పట్టుబట్టి పాటిస్తూ వచ్చిన వింబుల్డన్ టెన్నిస్ టోర్నమెంటు కూడా 2023లో దిగివచ్చి, స్కర్టు లోపల ముదురు రంగు నిక్కరు వేసుకోవచ్చని ఒప్పుకుంది. అదే ఏడాది ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు తెల్ల నిక్కర్లు మాని నీలంవి వేసుకుంది. మన బడి జట్టుకు నల్ల ట్రాక్ ప్యాంటు, వదులుగా ఉండే టీషర్టు కుట్టించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తల్లులకు ఇంకో మాట. ఎదిగే పిల్లకు ఒంటిని గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా ఆట బూట్లంత అవసరం. పరిగెత్తితే నొప్పి, చూపుల వల్ల సిగ్గు, ఈ రెండూ చాలామంది పిల్లలను ఆపేస్తున్నాయి. పిల్ల నోరు తెరిచి అడగలేదు. మనమే కొనివ్వాలి.

నెలసరి రోజుల్లో ఆడొచ్చా? ఆడొచ్చు. తేలికపాటి కసరత్తుతో పొత్తికడుపు నొప్పి తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. ఒంట్లో బాగాలేని పిల్ల ఆ రోజు విశ్రాంతి తీసుకోవచ్చు. ఎంచుకునే హక్కు ఆ పిల్లకు ఉండాలి. 2016 రియో ఒలింపిక్స్‌లో చైనా ఈతగత్తె ఫు యువాన్‌హుయ్, ముందురోజే నెలసరి మొదలైందని కెమెరా ముందే చెప్పింది. 2024 పారిస్‌లో ఒక్క కిలో తేడాతో పతకం చేజారిన మన వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను, అది నెలసరి మూడో రోజని దాచకుండా చెప్పింది. ప్రపంచం ముందు వాళ్లు చెప్పగలిగిన మాట మన పిల్ల తన పీఈటీకి చెప్పుకోగలగాలి. మగ మాస్టారుకు చెప్పడం కష్టమైతే, బడిలో ఒక టీచరమ్మను ఆ పనికి కేటాయించాలి.

మొదటి రెండేళ్లు నెలసరి క్రమం తప్పడం మామూలే. అయితే బాగా సాధన చేసే పిల్లకు, క్రమంగా వస్తున్న నెలసరి వరసగా మూడు నెలలు ఆగితే డాక్టరుకు చూపించాలి. చాలాసార్లు కారణం తిండి చాలకపోవడమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని పిల్ల రెండు రౌండ్లకే ఆయాసపడుతుంది. మనం బద్ధకం అంటాం. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను పారెయ్యకుండా, అన్నం తిన్నాక వేసుకోమని చెప్పండి. మునగాకు, ఉలవలు, నువ్వులు, గుడ్డు పెట్టండి. పైన నిమ్మకాయ పిండండి, ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. భోజనం వెంటనే టీ ఇవ్వకండి. అన్నం వడ్డించేటప్పుడు అన్నకు రెండో గుడ్డు, చెల్లికి సగం గుడ్డు అనే లెక్క మానెయ్యండి.

తల్లిదండ్రుల భయం గురించి కూడా మాట్లాడాలి. ‘కోచ్ ఎలాంటివాడో, టోర్నమెంటుకు పంపితే రాత్రి ఎక్కడ పడుకుంటారో’ అని భయపడే తండ్రిని నేను తప్పుపట్టను. ఆ భయానికి కారణాలున్నాయి. పిల్లను ఇంట్లో కూర్చోబెట్టినంత మాత్రాన ఆ కారణాలు పోవు. ఊరు దాటి వెళ్లే ప్రతి ఆడపిల్లల జట్టు వెంట ఒక ఆడమనిషి ఉండాలని బడిని అడగండి. బస ఎక్కడో, ఫోన్ ఎవరి దగ్గరుంటుందో ముందే రాసి ఇమ్మనండి. ఒంటరిగా ఏ పిల్లకూ, ఏ గదిలోనూ శిక్షణ వద్దని చెప్పండి. ఏదైనా తేడాగా అనిపిస్తే పోక్సో చట్టం ఉంది, 1098 పిల్లల సహాయ నంబరు ఉంది. పిల్ల వచ్చి ఏదైనా చెబితే ముందు నమ్మండి. చెప్పినందుకు ఆట మాన్పిస్తే, ఇంకో పిల్ల ఎప్పటికీ నోరు విప్పదు.

వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ మండలం అండర్-14 ఆడపిల్లల జట్ల పేర్ల పట్టిక, మూడేళ్ల తర్వాతి అండర్-17 పట్టిక పక్కపక్కన పెట్టి చూడండి. ఏ పేర్లు మాయమయ్యాయో గుర్తుపెట్టండి. ఒక్కొక్క ఇంటికీ వెళ్లండి. బడి మానేసిన పిల్లను వెనక్కి తేవడానికి వెళ్లినట్టే, ఆట మానేసిన పిల్ల కోసం కూడా వెళ్లండి. ఈ రెండూ వేరు కాదు. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయిందని ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. జట్టులో పేరున్న పిల్ల కోసం ఊరంతా అడుగుతుంది. అడిగేవాళ్లున్న పిల్లకు తొందరపడి పెళ్లి చెయ్యడానికి ఇంటివాళ్లు కొంచెం వెనకాడతారు.

మేనమామలకు ఒక మాట. 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల క్రికెట్ జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ టోర్నమెంటులో పధ్నాలుగు వికెట్లు తీసింది. మామయ్య ప్రోత్సాహంతో ఆమె క్రికెట్ వైపు వచ్చింది. ఓణీల ఫంక్షన్‌కు పట్టుచీర తెచ్చే మేనమామలారా, దాని పక్కన ఒక జత స్పోర్ట్స్ షూస్ కూడా పెట్టండి. పళ్లెంలో ఆ బూట్లు కనబడితే, ఈ పిల్ల రేపు కూడా ఆడుతుందని వచ్చిన చుట్టాలందరికీ తెలుస్తుంది.

చివరిగా, రేడియో దగ్గర కూర్చున్న చెల్లెమ్మలకు. మీ ఒళ్లు మారుతోంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పరుగు కొన్నాళ్లు మందగించినా కంగారుపడొద్దు, తిరిగి వస్తుంది. అందరూ మల్లీశ్వరులు కానక్కర్లేదు. పతకం రాకపోయినా, గట్టి ఎముకలు, నిండు ఊపిరి, ‘నేను నిలబడగలను’ అనే ధైర్యం మీకు జీవితాంతం ఉంటాయి. రేపు ఆటల పీరియడ్‌లో వరండా దిగి రండి. మీ పక్కన కూర్చున్న స్నేహితురాలిని కూడా లేపి తీసుకురండి. మైదానం మీకు కూడా సమానంగా చెందుతుంది. అక్కడ మీకు చోటు, నీళ్లు, భద్రత ఏర్పాటు చెయ్యడం పెద్దవాళ్లమైన మా బాధ్యత. ఆ బాధ్యత ఈ వేసవి రాకముందే నెరవేర్చాలని రెంటచింతల పెద్దలందరినీ కోరుతున్నాను.